ఆ కేకు ఎవరిది?

మే నెలలో పుట్టిన పిల్లలున్న అమ్మలకి నా కష్టం చెప్పకుండానే అర్థమవుతుంది. బెజవాడ ఎండలు, కరెంటు కోతలు, సెలవులకి వచ్చిన చుట్టాలు. వీటన్నిటి మధ్య మా చిన్నాడికి ఆరేళ్లు నిండాయి. వాడికి డోరేమాన్ కేకు కావాలట. పైన బొమ్మ గీసింది కాదు, "నిజం తలకాయ" కావాలట.

బేకరీలో రేటు విన్నాక నేనే చేస్తానని ఇంట్లో గొప్పగా ప్రకటించేశాను. డోరేమాన్ తల తేలికే అనుకున్నాను. జుట్టు లేదు, చెవులు లేవు. కథలో ఎలుక వాటిని కొరికేసి నాకు పని తగ్గించింది. గుండ్రటి తల, రెండు పెద్ద కళ్లు, ఎర్ర ముక్కు, అటు మూడు ఇటు మూడు మీసాలు. అంతే కదా!

అంతే కాదని రెండు రోజుల్లో తెలిసింది. చేయాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. మెత్తటి స్పాంజి కేకు తన బరువుకి తనే కుంగిపోతుంది, కాస్త గట్టి కేకే చేసుకోవాలి. మా అత్తయ్యగారు గుడ్డు తినరు కాబట్టి నేను కండెన్స్‌డ్ మిల్క్ పోసి చేశాను. గుండ్రటి అడుగున్న రెండు స్టీలు గిన్నెల్లో పిండి పోసి, 160 డిగ్రీల దగ్గర నిదానంగా బేక్ చేశాను. చల్లారాక రెండు సగాలూ కలిపితే బంతి. అది దొర్లిపోకుండా కింద కొంచెం చదునుగా కోయాలి. మన ఎండలకి క్రీమ్ నిలవదు. ఒక వంతు క్రీమ్‌కి రెండు వంతుల డార్క్ చాక్లెట్ కలిపిన గనాష్ పూసి, గట్టిపడ్డాక ఫాండెంట్ కప్పాలి. కింద అంచు బాగా రాకపోయినా కంగారు పడకండి. డోరేమాన్ మెడలో ఎర్ర పట్టీ, పసుపు గంట ఉంటాయిగా, అవి కప్పేస్తాయి.

కేకు సంగతి ఇంతే. అసలు చెప్పాలనుకున్నది వేరే.

ఆ రెండు రోజులూ వాడు వంటింటి గుమ్మం దగ్గరే తిరిగాడు. "అమ్మా, ముక్కు నేను చేస్తా" అన్నాడు. "ముట్టుకోకు" అన్నాను. నీలం ఫాండెంట్ మీద వేలు పెట్టాడు, గుంట పడింది. చెయ్యెత్తాను. కొట్టలేదు గానీ ఆ అరుపుకి హాల్లో చుట్టాలందరూ మాటలు ఆపేశారు. వాడు ఏడవలేదు. కాసేపాగి మెల్లిగా అడిగాడు, "అమ్మా, ఈ కేకు నాదేనా?"

నేను జవాబు చెప్పలేదు. కంటి పాప సరిగ్గా కుదరడం లేదు మరి!

పుట్టినరోజు మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయింది. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి డోరేమాన్‌కి చెమటలు పట్టాయి, ఒక కన్ను బుగ్గ మీదకి జారింది. అత్తయ్యగారు చూసి, "వినాయకుణ్ణి చేయబోతే కోతయిందన్నట్టుందే" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మావాడు మాత్రం దగ్గరికొచ్చి, "జ్వరం వచ్చిందా వీడికి?" అని ఆ కన్ను వేలితో పైకి నెట్టాడు. అప్పుడు వద్దనలేదు నేను. వాడు ముట్టుకున్నాకే అది వాడి కేకయింది.

కొయ్యమంటే కొయ్యడు. మొహానికి కత్తి పెడితే నొప్పి పుడుతుందట. అత్తయ్యగారే దారి చూపించారు. "వెనక నుంచి కొయ్యి నాన్నా, వాడికి కనపడదు." అలాగే కోశాడు.

మన పెళ్లిళ్లలో పంచదార చిలకలు గుర్తున్నాయా? ఒకదానికి ముక్కు వంకర, ఇంకోదానికి తోక సగమే. ఎవరు పట్టించుకున్నాం? చేతిలో పడగానే తలకాయ కొరికేసేవాళ్లం. ఇప్పుడు కేకు కోయకముందే ఫోటో వెళ్లిపోవాలి, "నువ్వే చేశావా?" అని పదిమంది అడగాలి. నేను ఆ రెండు రోజులు కష్టపడింది ఆ ప్రశ్న కోసమేనని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

కొన్న కేకులో ప్రేమ ఉండదని, ఇంట్లో చేస్తేనే ఉంటుందని మనం తేలిగ్గా అనేస్తాం. నాకు ఇప్పుడు అలా అనిపించడం లేదు. డబ్బిచ్చి కొనేసి, ఆ రెండు రోజులు వాడితో కూర్చుని ఉంటే అదీ ప్రేమే అయ్యేది. ఇంట్లో చేయొద్దని చెప్పడం లేదు. చేస్తే పిల్లాడికి ఒక ముద్ద ఫాండెంట్ ఇచ్చి, ముక్కో మీసాలో వాణ్ణే చేయనివ్వండి. వంకరగా వస్తాయి. రానివ్వండి.

ఆ ఎర్ర ముక్కు వాడు తినలేదు. చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ తలుపులో దాచుకున్నాడు. నిన్న సర్దుతూ ఆ డబ్బా జరిపితే వెనక నుంచి కేక వేశాడు, "అమ్మా, ముట్టుకోకు!"

ముట్టుకోలేదు.