కోట శిలలను మన విద్యార్థులు చూడవద్దా?

మన విద్యార్థుల విజ్ఞానయాత్ర హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూచి తిరిగి రావడం ఆనవాయితీ. అందులో తప్పేమీ లేదు. కాని ఆ నగరంలోనే, బిర్లా విజ్ఞాన కేంద్రంలో, జురాసిక్ యుగపు జంతువు అస్థిపంజరం ఒకటి నిలబడి ఉంది. దాని ముందు మన పిల్లలు పావుగంటైనా నిలిచిన పాపాన పోలేదు.

దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగదని బెదరనక్కరలేదు. అందులో ఉన్నవి రెండు ఊళ్ళే. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతపు కోట ఒకటి, తెలంగాణలోని యామన్‌పల్లి రెండవది. సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందట ఏరులు మోసుకొచ్చిన ఇసుక, బంకమట్టి పేరుకొని గట్టిపడిన శిలలకు ఆ కోట పేరే పెట్టారు. 1988లో పి. యాదగిరి ఈ జంతువుకు నామకరణం చేశారు.

అంతకుముందే, ఆ శిలలలోనే, పోచంపల్లి వద్ద (చీరల పోచంపల్లి కాదు, సిరొంచ వైపుది) కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు మరొక జంతువు ఎముకలు సుమారు 300 వెలికితీశారు. తొడ ఎముక ఒక్కటే నిలువెత్తు మనిషంత! 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. త్రవ్వకాలు సాగిన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కనుక రెండవ మాట ఆయనది. త్రవ్వినవారు తమ భాషను, తమ కవిని ఆ రాతికి ముడివేసుకున్నారు. నాకు అసూయ కలిగిన మాట నిజం.

మన శ్రీకాకుళం, విజయనగరం కొండలలో ఇటువంటివి వెదకినా దొరకవు. ఖోండు గిరిజనుల పేరు మోస్తున్న ఇక్కడి ఖోండలైటు, ఎముక గల ప్రాణి పుట్టకముందటి శిల. అయినా నాగావళి ఇసుకతిన్నెలు ఎరిగినవాడికి కోట శిలల కథ కొత్త కాదు. వరదకు కొట్టుకొచ్చిన పశువు కళేబరం ఇసుకలో కూరుకుపోవడం మనం చూస్తూనే ఉన్నాం. దానిపై మళ్ళీ ఇసుక, మళ్ళీ ఒండ్రు. కాలక్రమాన ఇసుక రాయవుతుంది. సందులలో ఖనిజాలు చేరి ఎముకా రాయవుతుంది.

ఈ చదువు విశ్వాసాన్ని సడలిస్తుందేమోనని ఒకరిద్దరు పెద్దలు నాతో అన్నారు. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమన్న ఖురాన్‌ను చదివే మనం ఒక ఇసుకరాతిని చూచి జంకడం నాకు బోధపడదు.

రాబోయే యాత్రలో ఒక పూట ఆ అస్థిపంజరానికి కేటాయించవలసిందిగా కమిటీ సభ్యులను కోరుతున్నాను. చూచి వచ్చినవారు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయాలి. వచ్చే సంచికలో అందుకు రెండేసి పుటలు అట్టిపెట్టమని సంపాదకులకు ఇప్పుడే చెప్పి ఉంచాను.