85వ ప్రశ్న తర్వాత

అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ గట్టెక్కాలి. మన పిల్లలు ఆ పరీక్ష రాసేది హైదరాబాద్‌లో, ఒక కంప్యూటర్ ముందు. దాని దిగులు మాత్రం నెలల ముందే చిలకలూరిపేట, వినుకొండ, మార్టూరు, అద్దంకి ఇళ్లలో మొదలవుతుంది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నర్సింగ్ కొత్త చదువేం కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ఇక్కడ ఆసుపత్రి నిలబెట్టిన కాలం నుంచీ, పల్లె ఆడపిల్ల తన కాళ్ల మీద తాను నిలబడటానికి అదొక దారి. ఆ దారి ఇప్పుడు డాలర్ల దాకా సాగింది. వెనకాలే అప్పూ సాగింది.

అప్పు ఊసెత్తకుండా పరీక్ష భయం గురించి మాట్లాడితే అది సగం మాటే. పరీక్ష రుసుము 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. దానికి కోచింగ్, ఇంగ్లిష్ పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన ఖర్చులు కలుస్తాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు ఒక తేదీ మీద కూర్చుంటుంది. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు, 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతను మాడ్చేసినప్పుడు, ఇల్లంతా ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో ఈ జిల్లాలు చూశాయి. అంత చూసీ, మళ్లీ ఇంటి బరువంతా తెచ్చి ఒక పిల్ల పరీక్ష మీదే పెడుతున్నాం. అందుకే ఆ వణుకుని పిరికితనం అనడానికి నాకు మనసొప్పదు. అది లెక్క తెలిసిన పిల్ల వణుకు.

పరీక్ష నడిచే తీరు కూడా భయపెట్టేదే. సరైన జవాబు ఇచ్చేకొద్దీ కంప్యూటర్ ఇంకా కఠినమైన ప్రశ్న ఇస్తుంది. తప్పితే కాస్త తేలికది. అందుకే బాగా చదివిన అమ్మాయికి కూడా సగం ప్రశ్నలు అంతుపట్టనట్టే ఉంటాయి. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం. పాసో ఫెయిలో 95 శాతం నమ్మకంగా తేలగానే స్క్రీన్ ఆగిపోతుంది. 85 దగ్గరే ఆగిందంటే గెలిచినట్టూ కావచ్చు, ఓడినట్టూ కావచ్చు. తరగతిలో ఎప్పుడూ తొంభై మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఈ సంగతి ముందే చెప్పకపోతే, పదో ప్రశ్నకే ‘నా పని అయిపోయింది’ అనిపిస్తుంది. ప్రశ్నలు కఠినంగా వస్తున్నాయంటే చాలాసార్లు అది మంచి గుర్తేనని ఎవరో ఒకరు ఆమెను కూర్చోబెట్టి చెప్పాలి. విదేశాల్లో చదివి మొదటిసారి రాసేవాళ్లలో దాదాపు సగం మందే నెగ్గుతున్నారన్నదీ దాచక్కర్లేదు. తప్పినా 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు.

అలసట సంగతి వేరు. పన్నెండు గంటల నైట్ డ్యూటీ దిగి, బస్సులో కునుకు తీసి, పదింటికి ఆన్‌లైన్ క్లాసులో కూర్చునే అమ్మాయికి ‘ఇంకా కష్టపడు’ అని చెప్పడం అన్యాయం. చదివింది మెదడులో నిలిచేది నిద్రలోనే. నిద్ర చంపుకుని చేసిన వంద ప్రశ్నల కన్నా, నిద్రపోయి లేచి చేసిన నలభై మేలు. ఇక భయం విషయానికొస్తే, చికాగో పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మిగతావాళ్ల కన్నా బాగా రాశారు. ఒక పెన్ను, ఒక తెల్ల కాగితంతో అయ్యే పని ఇది.

అసలు ఈ హడావిడి ఎవరికి కావాలి? కోచింగ్ ప్రకటనల్లో ‘ఈ సంవత్సరమే అమెరికా’ అని ఉంటుంది. నర్సులు ఎక్కువగా వెళ్లేది ఇబి-3 గ్రీన్‌కార్డు దారిన. ఆ వరుసలో భారతీయుల వంతు 2025 మధ్యలో కూడా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. ఈ నెల కాక ఆరు నెలల తర్వాత పాసైతే ఆ వరుసలో పోయేది కొంచెమే. ధర లేనప్పుడు మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఓపిక పట్టే తండ్రికి ఈ లెక్క అర్థం కాదనుకోను. చెప్పేవాళ్లే లేరు.

ఇంత తెలిసినా భయంతో ఊపిరాడనట్టు ఉంటే, బతకాలనిపించకపోతే 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వార్డులో పేషెంట్లకు ఈ నంబరు రాసిచ్చే చేతులు తమ కోసం డయల్ చేయడానికి జంకుతున్నాయి.

ఇక ఆసుపత్రి యాజమాన్యాలకు ఒక మాట. పరీక్ష తేదీ చూపించిన నర్సుకు ముందు రెండు వారాలు నైట్ డ్యూటీ వేయకండి. రోస్టర్‌లో పద్నాలుగు గళ్లు మార్చితే చాలు. ఇంట్లోవాళ్లకూ ఒక మాట. ఒంగోలు నుంచి రాత్రి రైలెక్కించి పొద్దున్నే నేరుగా పరీక్ష గదికి పంపకుండా, ఒక రోజు ముందే హైదరాబాద్ చేర్చండి. ఆ సాయంత్రం ఫోన్‌లో అన్నం తిన్నావా అని అడగండి, చాలు. ఎన్ని చాప్టర్లు అయ్యాయని అడగకండి.