పెద్ద గొట్టంలో చిన్న సెల్లులు

పిల్లలూ, 2018 జనవరిలో చేన్లకు 24 గంటల కరెంటు వచ్చేదాకా, మన రాయికల్ వైపు రాత్రి వంతుకు మోటారు పెట్టబోయే రైతు చేతిలో టార్చిలైటు వుండవలసిందే. అటువంటి రెండు సెల్లుల రేకు లైటు మా ఇంట్లోనూ వున్నది. "తాతా, దీనిలో పెన్సిలు సెల్లులు పెట్టరాదా?" అన్నాడు మా మనుమడు.

పెట్టవచ్చు. పెద్ద సెల్లు లావు సుమారు 34 మిల్లీమీటర్లు, పొడుగు 61. పెన్సిలు సెల్లు లావు 14, పొడుగు 50. అయినా రెండింటి వోల్టేజీ ఒకటే, 1.5. పెద్దదానిలో మందు ఎక్కువ గనుక ఎక్కువసేపు వెలుగుతుంది, అంతే.

వాడు రెండు సెల్లులను ఒకదాని వెనుక ఒకటి పెట్టి, కదలకుండా అట్ట చుట్టాడు. పొడుగు రెండు సెంటీమీటర్లు చాలలేదు. ఆ సందులో చెక్కముక్క దూర్చాడు. లైటు వెలగలేదు! చెక్కలోంచి కరెంటు పారదు కదా? దాన్ని తీసి పొట్టి ఇనుప బోల్టు పెట్టగానే వెలిగింది.

అంతటితో వూరుకున్నాడా? ఇంకా వెలుగు కావాలని మూడు సెల్లులను పక్కపక్కన కట్టి, తీగతో వరుసగా కలిపాడు. అంటే 4.5 వోల్టులు! బల్బు మెడ మీద చూస్తే 2.5 అని వున్నది. తళుక్కుమని మాడిపోయింది. (చిన్నతనంలో నేనూ ఒకటి మాడ్చాను గనుక కోప్పడలేదు.)

తరువాత పాత సెల్‌ఫోను బ్యాటరీ తెచ్చాడు. అప్పుడు మాత్రం చేయి పట్టుకుని ఆపాను. రేకు లైటుకు గొట్టమే ఒక తీగ. బ్యాటరీ రెండు కొసలూ ఆ రేకుకు తగిలితే, కరెంటు బల్బు దాకా పోకుండానే చుట్టి వస్తుంది. పెన్సిలు సెల్లయితే వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీ అయితే మంటే అంటుకోవచ్చు.

దాన్ని సెల్‌ఫోన్ల దుకాణంలో ఇచ్చివేసి, వచ్చేటప్పుడు కొత్త బల్బు కొన్నాం.