ముగ్గు పోయకముందే లెక్క రాయండి

ధ్యాన భాగము: లూకా 14:28-30



మన మేళ్లచెరువు కాళ్ల కింద ఉన్నది సున్నపురాయి. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ నిండిన బస్తాలు ఎక్కడెక్కడి ఊళ్లకో పోయి ఇళ్లవుతున్నాయి. అయినా మన ఊళ్లలోనే స్లాబు పడి ఆగిపోయిన ఇళ్లు ఎన్ని లేవు? కిటికీలకు తలుపులకు బదులు గోనెపట్టాలు, పైకి లేచి తుప్పు పడుతున్న సలాకలు, లోపల ప్లాస్టింగు లేని గోడల మధ్య వంట చేసుకుంటున్న తల్లి. బయట గడప దగ్గర మాత్రం నెలనెలా వడ్డీకి వచ్చి నిలబడే మనిషి.

దీనికి కారణం ధరలే అని కొందరంటారు. ధరలు నిజమే. కానీ విశ్వాసుల ఇళ్లలో ఇంకో కారణం ఉంది. అది మనం దేవుని పేరు పెట్టి చెప్పుకుంటున్న ఒక మాట: "ముందు విశ్వాసంతో ముగ్గు పోయండి, తర్వాత సంగతి దేవుడే చూసుకుంటాడు." శంకుస్థాపన ప్రార్థనలో ఈ మాట చెబితే అందరూ గట్టిగా ఆమెన్ అంటారు. ఈ మాట వాక్యానుసారమైనది కాదు. ఇది విశ్వాసం కాదు, విశ్వాసం వేషం వేసుకున్న తొందరపాటు.

ప్రభువు ఏమన్నాడో చూడండి. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుంటాడు, చివరిదాకా కట్టడానికి తన దగ్గర ఉన్నది చాలునా అని ఖర్చు లెక్క చూసుకుంటాడు. లేకపోతే పునాది వేసి ఆగిపోతాడు, చూసినవాళ్లు నవ్వుతారు. ఆయన ఇది శిష్యత్వం గురించి చెప్పాడు, ఇంటి గురించి కాదు అని మీరనవచ్చు. నిజమే. కానీ శిష్యత్వానికే లెక్క చూసుకోమన్న ప్రభువు, ఇంటికి లెక్క వద్దంటాడా? ఆయన వడ్రంగి పని ఎరిగినవాడు. కట్టడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

"అయిదు రొట్టెలు అయిదు వేలమందికి పంచిన దేవుడు మన ఇల్లు పూర్తి చేయడా?" అని అడుగుతారు. మార్కు 6వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. అద్భుతానికి ముందు యేసు శిష్యులను అడిగింది రొట్టెల లెక్క. వెళ్లి చూసి రమ్మన్నాడు. జనాన్ని వందేసి, యాభయ్యేసి మంది చొప్పున వరుసగా కూర్చోబెట్టాడు. చివరికి మిగిలిన ముక్కలు కూడా పన్నెండు గంపలని లెక్కకు వచ్చాయి. మొదట లెక్క, చివర లెక్క, మధ్యలో అద్భుతం. మనమేమో రెండు లెక్కలూ వదిలేసి అద్భుతం ఒక్కటే కావాలంటున్నాం.

దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమని, దూతలు పట్టుకుంటారని చెప్పిందెవరు? దానికి వాక్యం కూడా చూపించాడు. ప్రభువు దాన్ని విశ్వాసం అనలేదు, దేవుణ్ణి శోధించడం అన్నాడు. చేతిలో లక్ష పెట్టుకుని పన్నెండు లక్షల ఇంటికి ముగ్గు పోయడం ఆ శిఖరం మీద నుంచి దూకడం లాంటిదే. దూకమన్నవాడు కింద పట్టుకోడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభమైంది. సొంత స్థలం ఉన్న పేదలకు అయిదు లక్షలు. మంచిదే, దేవునికి స్తోత్రం. కానీ ఆ డబ్బు ఎలా వస్తుంది? విడతలుగా. బేస్‌మెంటు పూర్తయ్యాకే మొదటి లక్ష. పని ముందు, బిల్లు తర్వాత. అంటే పునాది మీ సొంత డబ్బుతో లేవాలి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఇది తెలిసి కూడా "ఎలాగూ కడుతున్నాం కదా, ఇంకో గది కలుపుదాం" అనుకుంటే బిల్లు ఆగుతుంది, అప్పు మాత్రం ఆగదు.

మేస్త్రీ అడుగుకు 1,800 రూపాయలు చెప్పాడనుకోండి. 600 అడుగులకు 10,80,000. పథకం అయిదు లక్షలు పోను ఇంకా 5,80,000 కావాలి. చీటీ పాడుకుని, మిర్చి డబ్బులు కలిపి 2,80,000 సర్దారనుకుందాం. మిగిలిన మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీ 6,000. ఏడాదికి 72,000. అయిదేళ్లు కడితే 3,60,000 పోయాయి, అసలు మూడు లక్షలు అలాగే ఉన్నాయి.

ఇంకో లెక్క చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాక బస్తా 250 రూపాయలు అనుకుంటే బస్తాకు 25 రూపాయలు మిగులుతాయి. 600 అడుగుల ఇంటికి సుమారు 240 బస్తాలు పడతాయి. మొత్తం ఆదా 6,000. సిమెంటు చవకైందని సంతోషించి మొదలుపెట్టిన ఇంటి ఆదా అంతా ఆ అప్పుకు ఒక్క నెల వడ్డీకి సరిపోయింది! సామెతలు 22:7 అప్పు చేసినవాణ్ణి అప్పిచ్చినవాడికి దాసుడని ఎందుకు అంటుందో ఇప్పుడు అర్థమవుతుందా?

అడుగు లెక్కలో రానివి ఎన్నో ఉంటాయి. బోరు, బాత్రూం గుంత, కరెంటు మీటరు, బేస్‌మెంటులో మొరం పూడిక, మెట్లు, ప్రహరీ. మన నల్లరేగడి నేలల్లో పునాది లోతు పోవాలి, అది వేరే ఖర్చు. ఇవన్నీ మేస్త్రీ నోట మొదటి రోజు రావు. మీరే అడిగి రాసుకోవాలి.

డబ్బు చాలనప్పుడు మనం మొదట కోసేది ఏమిటి? పిట్టగోడ. దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 22:8లో చదవండి. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీద ఉంటుంది. మనం ముందరి గోడకు రంగురంగుల డిజైన్లు పెట్టిస్తాం, పిల్లలు ఆడుకునే మేడ చుట్టూ అడ్డం ఉండదు. రోడ్డున పోయేవాడికి కనబడేదానికి డబ్బు దొరికింది, దేవుడు అడిగినదానికి దొరకలేదు.

రెండోది కూలి. యిర్మీయా 22:13 పొరుగువాని చేత పని చేయించుకుని జీతం ఇవ్వకుండా ఇల్లు కట్టుకునేవాడికి శ్రమ అని ప్రకటిస్తుంది. "బిల్లు రాగానే ఇస్తాను" అని మేస్త్రీని, కంకర మోసిన ఆడకూలీని నెలలు తిప్పుతూ, గేటు మీద 127వ కీర్తన మొదటి వచనం చెక్కించుకుంటే ప్రయోజనమేమిటి? యెహోవా కట్టించని ఇల్లు వ్యర్థమని ఆ కీర్తన చెబుతుంది. కూలి ఎగ్గొట్టిన ఇంటిని ఆయన కట్టించాడని ఎలా అనగలం?

మూడోది వరుస. ముందు బయటి పని సిద్ధపరచుకో, పొలం చూసుకో, తర్వాత ఇల్లు కట్టుకో అని సామెతలు 24:27 బోధిస్తుంది. మనం తిరగేస్తున్నాం. ఇంటికోసం ఎకరం అమ్ముతాం, అన్నం పెట్టే నేల పోతుంది. అమ్మాయి డిగ్రీ ఫీజు ఆపి టైల్స్ వేయిస్తాం. ఇంటావిడ మహిళా సంఘంలో తెచ్చిన అప్పు గృహప్రతిష్ఠ భోజనాలకు పోతుంది. అయిదు వందల మందికి చికెన్ బిర్యానీ పెట్టిన ఇంట్లో వారం తర్వాత బియ్యం కొనడానికి చేబదులు!

అలాగని ఇల్లు కట్టుకోవద్దని నేననడం లేదు. రేకుల కింద ఎండలో మగ్గేవాడికి స్లాబు ఇల్లు దేవుడిచ్చే మేలే. కాబట్టి ఇలా చేయండి. భార్యాభర్తలు కలిసి కూర్చుని ఒక నోటు పుస్తకం తీయండి. ఒక పక్క చేతిలో ఉన్నది, రావలసినది, ఏ నెలలో వస్తుందో రాయండి. రెండో పక్క పునాది, గోడలు, స్లాబు, తలుపులు, నీళ్లు, కరెంటు, కూలి విడివిడిగా రాయండి. మొత్తానికి పదో వంతు అనుకోని ఖర్చులకు కలపండి. రెండు పక్కలూ కలవకపోతే ఇల్లు చిన్నది చేయండి, లేదా ఒక ఏడు ఆగండి. అప్పు తప్పదనుకుంటే పంట పాడైన ఏడాదిలో కూడా తీర్చగలిగినంతే తెచ్చుకోండి. స్లాబు పోశాక కనీసం పది రోజులు నీళ్లు పట్టించండి, దానికి డబ్బు కాదు, ఓపిక కావాలి.

తోటి సేవకులారా, మీకూ ఒక మాట. శంకుస్థాపన ప్రార్థనకు పిలిస్తే వెళ్లండి. కానీ కొబ్బరికాయ మానిపించామని తృప్తిపడితే చాలదు. "లెక్క పుస్తకం ఉందా అన్నా?" అని అడగండి. లేకపోతే ఆ రోజు పునాదిరాయి మీద కాదు, ఆ పుస్తకం మీద ప్రార్థన చేయండి. మన ఒక్క ఆమెన్‌తో ఒక కుటుంబం పదేళ్ల అప్పులోకి దిగుతుంది. ఆ వడ్డీ మనం కట్టం, వాళ్లు కడతారు.

అబ్రాహాము ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే బయలుదేరాడు, అది దేవుని పిలుపు గనుక. కానీ అదే అబ్రాహాము మక్పేలా పొలం కొన్నప్పుడు నాలుగు వందల తులముల వెండి అందరి ముందు తూచి ఇచ్చాడు. పిలిచినప్పుడు నడవడం, కొన్నప్పుడు తూచడం, రెండూ ఒక్క విశ్వాసమే.

మీ ఇల్లు చిన్నదైనా అప్పులవాడు తలుపు కొట్టని ఇల్లుగా, కూలివాని కన్నీరు లేని ఇల్లుగా ప్రభువు కట్టించును గాక. ఆమెన్.