గృహిణుల పుట: క్రిస్మస్‌కు మిరియాల బిస్కెట్లు



క్రిస్మస్ వస్తోందంటే మన కృష్ణా డెల్టా గ్రామాలలో అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు ఇంటింటా ఉండవలసినవే. అయితే డిసెంబరు మనకు వరి కోతల నెల, కుప్పనూర్పిళ్ల నెల కూడా. పగలంతా చేలో నడుము వంచి వచ్చిన తల్లి, రాత్రి నూనె మూకుడు ముందు కూర్చోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. అందుచేత పదిహేను రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోగల వంటకమొకటి ఈ నెల తెలియజేస్తున్నాము. జర్మనీ దేశపు క్రైస్తవ గృహాలలో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆగమన ఆదివారాల కాలంలో దీనిని చేసుకుంటారు. దాని పేరు ‘ఫెఫర్‌న్యూస్సె’. అంటే మిరియపు కాయలు అని అర్థం.

జర్మనీ మన తెలుగు సంఘాలకు కొత్త దేశమేమీ కాదు. కృష్ణకు ఆవలి ఒడ్డున, గుంటూరులో 1842 జూలై 31న అడుగుపెట్టి లూథరన్ సేవ ప్రారంభించిన ఫాదర్ హయ్యర్ గారు జర్మనీలోని హెల్మ్‌స్టెడ్‌లో పుట్టినవారే. అమెరికా సంఘం పంపగా వచ్చారు. 1869లో, డెబ్బది ఆరేళ్ల వయసులో, రాజమండ్రి సేవకై మరల బయలుదేరి వచ్చారు.

ఇక ఈ బిస్కెట్లలోని దినుసులు చూడండి. మిరియాలు, యాలకులు, శొంఠి మన దక్షిణ దేశానివే. మలబారు తీరం నుండి అరబ్బు వర్తకుల ఓడలలో వెళ్లి, వెనిస్ మీదుగా న్యూరెంబర్గ్ పట్టణానికి చేరేవి. 14వ శతాబ్దం నుండే ఆ ఊరు ‘లేబ్‌కూఖెన్’ అనే తేనె సుగంధపు రొట్టెలకు పేరు పొందింది. ప్రభురాత్రి భోజన సంస్కారంలో వాడే అప్పము వంటి పలుచని బిళ్లల మీద ఆ ముద్దను పెట్టి కాలుస్తారు. 1996లో యూరోపియన్ యూనియన్ ఆ ఊరి పేరుకు చట్టరక్షణ కూడా ఇచ్చింది. మన పోపులపెట్టెలోని సరుకే వారి పండుగకు పరిమళమైంది!

కావలసినవి: మైదా పావు కిలో, బెల్లం తురుము 125 గ్రాములు, తేనె రెండు పెద్ద చెంచాలు, నెయ్యి 50 గ్రాములు, కోడిగుడ్డు ఒకటి, వంట సోడా అర టీ చెంచా, దాల్చినచెక్క పొడి ఒక టీ చెంచా, శొంఠి పొడి, ధనియాల పొడి అర టీ చెంచా చొప్పున, యాలకులు 4, లవంగాలు 4, మిరియాలు 10, జాజికాయ పొడి, ఉప్పు చిటికెడు చొప్పున.

చేయు విధము: బెల్లంలో రెండు చెంచాల నీరు పోసి కరిగించి వడకట్టండి. పాకం రానవసరం లేదు. వేడిగా ఉండగానే తేనె, నెయ్యి కలపండి. గోరువెచ్చనయ్యాక గిలకొట్టిన గుడ్డు వేయండి. వేడిగా ఉన్నప్పుడు వేస్తే గుడ్డు విరుగుతుంది. మైదా, సోడా, మెత్తగా దంచిన దినుసులు జల్లించి ఇందులో కలిపి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. దినుసుల ఘాటు పిండికి పట్టేది అప్పుడే. మరునాడు చేతికి అంటితే కొద్దిగా మైదా చేర్చి, చిన్న ఉసిరికాయంత ఉండలు చేయండి. సుమారు నలభై వస్తాయి.

ఓవెన్ లేదని వెనుకాడవద్దు. మందపాటి పాత గిన్నెలో అంగుళం ఎత్తున ఎండిన ఇసుక పోసి, మధ్యలో కుదురు పెట్టి, మూత వేసి పదిహేను నిమిషాలు కాగనివ్వండి. నెయ్యి రాసిన పళ్లెంలో ఉండలను ఎడంగా పేర్చి కుదురు మీద పెట్టి, సన్నని సెగపై ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచితే చాలు. ఓవెన్ ఉన్నవారికి 180 డిగ్రీల వేడిలో పన్నెండు నుండి పదిహేను నిమిషాలు. అడుగు ఎర్రబడితే తీసివేయండి. వేడిమీద మెత్తగా ఉన్నా చల్లారితే గట్టిపడతాయి. మరీ గట్టివైతే డబ్బాలో కాగితం మీద ఒక ఆపిల్ ముక్క ఉంచి, రెండు రోజుల తర్వాత తీసివేయండి, మెత్తబడతాయి. పంచదార పొడిలో నిమ్మరసం చుక్కలు కలిపి పైన పూయవచ్చును.

ఒక్క మాట. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము 10వ వచనము చదవండి. పండుగనాడు తిని, మధురమైనది త్రాగుమని చెప్పిన నోటితోనే, ఏమియు సిద్ధము చేసుకొనలేని వారికి భాగములు పంపుమని కూడా ఆజ్ఞ ఉన్నది. మనమేమో పళ్లెం పంపిన ఇంటికే పళ్లెం పంపుతున్నాము. మనకు తిరిగి పంపలేని ఇంటి గుమ్మం ముందు మన అడుగులు ఆగుతున్నవా? ఈ ఏడాది ఇంట్లో విచారం కలిగి పొయ్యి మీద మూకుడు పెట్టని కుటుంబం, పిల్లలు దూరాన ఉన్న ముసలి తల్లి, కూలిపనికి పొరుగూరి నుండి వచ్చి మన చేల గట్ల మీద గుడిసె వేసుకున్నవారు మన సంఘం పరిధిలోనే ఉన్నారు.

నలభై బిస్కెట్లలో పది లెక్కపెట్టి ముందే వేరే డబ్బాలో తీసి పెట్టండి. మిగిలితే ఇద్దామనుకుంటే మిగలవు. పిల్లల చేతికిచ్చి పంపండి. ఇచ్చే అలవాటు వారికి ఆ విధంగానే అబ్బుతుంది.

ప్రభువు మీ గృహములను, మీ చేతి పనిని దీవించును గాక.