వాలు కప్పుకు కూలి లెక్క

ధర్మవరంలో ఉంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు గత నెల హిందూపురం వచ్చి, అసర్ నమాజు తరువాత ఒక తగవు నా ముందుంచాడు. మగ్గం షెడ్డుకు పెంకుల కప్పు వేయించాడు. చదరపు అడుగుకు ఇంత కూలి అని ముందే ఒప్పందం. గోడల వెలుపలి నుండి కొలిస్తే షెడ్డు పొడవు 24 అడుగులు, వెడల్పు 16. అంటే 384 చదరపు అడుగులు. మేస్త్రీ 480కి కూలి అడిగాడు. ‘‘మోసం కాదా హజ్రత్?’’ అన్నాడు. ఆ మాటను అప్పటికే నలుగురి ముందు మేస్త్రీ ముఖం మీదే అనేశాడట.

మన సీమలో తరతరాలుగా మట్టి మిద్దెలే ఎక్కువ. మిద్దెకు నేల ఎంతో కప్పూ అంతే. ఆ అలవాటుతో వాలు కప్పును కొలవబోతే పొరపాటు తప్పదు.

పలకపై త్రిభుజం గీసి చూపాను. షెడ్డు నడిమి నుండి గోడకు 8 అడుగులు. కప్పు కొన గోడకన్నా 6 అడుగులు ఎత్తు. ఎనిమిదెనిమిదులు 64, ఆరార్లు 36, కలిపితే 100. దాని వర్గమూలం 10. కొన నుండి గోడ వరకు వాసం పొడవు అదే. ఒక వాలు 240, రెండూ కలిసి 480. మేస్త్రీ లెక్క సరిగ్గా ఉంది.

‘‘మరి చూరు?’’ అని అడిగాను. రెండు వైపులా వాలు వెంబడి గోడ దాటి ఒక్కో అడుగు దిగిందట. అది మరో 48 చదరపు అడుగులు. మేస్త్రీ దాన్ని లెక్కలోనే వేయలేదు! శిష్యుడు తల దించుకున్నాడు.

తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో వారసత్వ పంపకాలతో పాటు క్షేత్రాల కొలతలకూ ఒక అధ్యాయం కేటాయించాడు. మేము మదరసాలలో మొదటిది శ్రద్ధగా బోధించి, రెండవదాన్ని దాటవేస్తున్నాము. ఈ తగవులో నా వంతు తప్పు కూడా ఉంది.

వాలు ఎంత నిటారుగా ఉంటే పెంకులు అంత ఎక్కువ పడతాయి. అదే కప్పు 2 అడుగులే లేచి ఉంటే, చూరు కాక, దాదాపు 396 చదరపు అడుగులతో సరిపోయేది. అయితే వాన నీటికి ఈ లెక్క పనికిరాదు. పెనుకొండలో వాన నీటి తొట్టి కట్టిస్తున్న తన బావమరిదికి 480 చొప్పున లెక్క చెబుతానన్నాడు శిష్యుడు. వద్దన్నాను. నిలువుగా కురిసే వానకు కప్పు నీడ నేలపై ఎంత పరచుకుంటుందో అంతే లెక్క. ఒక సెంటీమీటరు వాన పడితే 384 చదరపు అడుగులకు సుమారు 357 లీటర్లు. వాలు పెంచినంత మాత్రాన చుక్క కూడా పెరగదు.

రైలు వేళయింది. మేస్త్రీ వద్దకు నేనూ వస్తానన్నాను.

‘‘మీరు వద్దు హజ్రత్. ఆ రోజు విన్న నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్తాను’’ అన్నాడు.