కొండ మొదట్లో ఒక పగలు

చీడికాడ తూర్పు కనుమల పాదాల దగ్గరున్న మండల కేంద్రం. చోడవరం దాటి అటు సాగే రోడ్డు మీద చెరకు తోటలు, వరి మళ్లు, అక్కడక్కడ బెల్లం వండే పాకలు కనిపిస్తాయి. కొండలు మాత్రం మొదట మబ్బుల్లా, తరువాత గోడలా దగ్గరవుతూ వస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసేదాకా ఇది విశాఖపట్నం జిల్లా. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కొండ పైభాగం అదే రోజున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. ఆ గీత కాగితం మీదే. పైన కురిసిన వాన కిందికే వస్తుంది. దాన్ని మోసుకొచ్చే బొడ్డేరు ఈ మండలంలోనే కోనాం జలాశయంలో ఆగి, మళ్లీ బయలుదేరి, దిగువన శారదా నదిలో కలుస్తుంది.

విశాఖపట్నం లాంటి నగరానికి కొండా ఏరూ ఇంత దగ్గరగా ఉండటం అదృష్టమే. ఆ అదృష్టాన్ని జనం వాడుకునే తీరులో మాత్రం లెక్క తప్పుతోంది. ‘పొద్దున్న వెళ్లి రాత్రికి వచ్చేద్దాం’ అనుకుని బయలుదేరేవారిలో ఎక్కువమంది వాహనాలు అరకు, వంజంగి, లంబసింగి వైపు తిరుగుతాయి. అరకు నూట పదిహేను కిలోమీటర్లు, వంజంగికి దగ్గరున్న పాడేరు దాదాపు అంతే, లంబసింగి ఇంకాస్త ఎక్కువ. అందులో కొంత ఘాట్ రోడ్డు. వంజంగి కొండ మీద నుంచి మేఘాల సముద్రాన్ని చూడాలంటే సూర్యుడి కంటే ముందు శిఖరం మీద ఉండాలి. అంటే ముందు రాత్రి పాడేరులో పడుకోవాలి, లేదా అర్ధరాత్రి విశాఖలో బయలుదేరి నిద్రలేని కళ్లతో ఘాట్ ఎక్కాలి. లంబసింగి మంచుకూ ఇదే షరతు. ఇవి చూడదగ్గ చోట్లే, కానీ ఒక పగటికి సరిపడే చోట్లు కావు. వెళ్లే నాలుగు గంటలు, వచ్చే నాలుగు గంటలు తీసేస్తే మిగిలేది భోజనం, ఫొటోలు, ట్రాఫిక్.

ఒక పగటికి అమరేది కొండ మీది ఊరు కాదు, కొండ మొదలు. దేవరాపల్లి నుంచి చీడికాడ, మాడుగుల, రావికమతం మీదుగా కనుమల అంచున ఒక పట్టీ ఉంది. విశాఖ నుంచి రెండు గంటలు, అటూ ఇటూగా. ఈ పట్టీలో కొండ నుంచి దిగే ప్రతి ఏటికీ మైదానం మొదలయ్యే చోట ఒక ఆనకట్ట కట్టారు. శారద మీద రైవాడ, బొడ్డేరు మీద కోనాం, పెద్దేరు మీద పెద్దేరు జలాశయం, ఇంకా పడమరగా కల్యాణపులోవ. లోవ అంటే కొండల నడుమ పల్లం. ఆ ఊరి పేరే అక్కడి నేల ఆకారం చెప్పేస్తుంది. ఇవన్నీ పొలాలకు నీళ్లివ్వడానికి కట్టినవి. రైవాడ నీళ్లు విశాఖ నగరం కూడా తాగుతుంది కాబట్టి, సెలవు రోజున దాని గట్టు మీద నిలబడే నగరవాసి తన కుళాయి మొదలును చూస్తున్నాడన్నమాట.

వీటిలో కోనాం చూపుకు ఇంపైనది. మూడు వైపులా కొండలు, నడుమ నీళ్లు. గట్టు మీద నడిస్తే ఒక చేతి పక్క జలాశయం, రెండో చేతి పక్క దాని నీళ్లతో పచ్చబడిన పొలాలు. జలాశయం వెనక్కి, గెడ్డ వచ్చే వైపు, గిరిజన గూడేలకు వెళ్లే బాటలున్నాయి. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటారు. వేసవిలో పాదం తడవని రాళ్ల వరసగా ఉండే గెడ్డ, వానాకాలంలో మనిషిని నిలబడనివ్వదు. గెడ్డ వెంట పైకి ఒకటి రెండు గంటలు నడిచి, నీడ ఉన్న బండ మీద అన్నం మూట విప్పి, దిగి రావడమే ఇక్కడ దొరికే సాహసం. తాళ్లు, హెల్మెట్లు అక్కర్లేదు. కావలసింది పట్టు ఉన్న చెప్పులు, తాగే నీళ్లు, దారి తెలిసిన ఊరి మనిషి, అన్నిటికంటే ముందు వాన కబురు.

వాన కబురు అంటే తల మీద ఆకాశం చూడటం కాదు. కోనాంలో ఎండ కాస్తుండగానే పైన అనంతగిరి, హుకుంపేట కొండల్లో వాన కురుస్తూ ఉండవచ్చు. కొండవాలు నిటారుగా ఉంటుంది, గెడ్డ పొడవు తక్కువ, రాతి నేల నీటిని ఎక్కువగా పీల్చుకోదు. అందుకే పైన పడ్డ నీరు చాలా త్వరగా కిందికి దిగుతుంది. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, పై నుంచి గరగరమని చప్పుడు వినిపించడం దాని గుర్తులు. గూడెం పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆ గుర్తు కనిపించాక సామాన్లు సర్దుకోవడానికి ఆగకూడదు. ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే ఎత్తుకు పోవాలి, దాటే ప్రయత్నం చేయకూడదు.

జలాశయం దిగువన ప్రమాదం వేరే రకం. అక్కడ నీళ్లు వానతో కాదు, గేటుతో వస్తాయి. కోనాం గరిష్ఠ నీటిమట్టం 101.25 మీటర్లు, రైవాడది 114 మీటర్లు, పెద్దేరుది 137 మీటర్లు. వానాకాలంలో పత్రికల జిల్లా పేజీల్లో ఏ రోజు మట్టం ఎంతో అచ్చవుతుంది. రైతు దాన్ని పంట కోసం చదువుతాడు; విహారానికి వెళ్లేవాడూ చదవాలి. మట్టం గరిష్ఠానికి మీటరు దూరంలోకి వచ్చిందంటే ఇంజనీర్లు ఏ గంటలోనైనా అదనపు నీటిని వదలవచ్చు. అప్పుడు దిగువ ఏటిలో ఇసుక మేటల మీద కూర్చుని వంట చేసుకోవడం ప్రాణంతో ఆట.

తెలుగువారికి ఈ పాఠం చాలా ఖరీదుకు వచ్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో మండి దగ్గర బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు నది పల్చగా, రాళ్లు తేలి ఉంది. పదేళ్ల తరువాత, 2024 జూన్ 30న, మహారాష్ట్రలో లోనావాలా భుషి డ్యామ్ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురిని వాన వరద లాక్కుపోయింది. మొదటిది గేటు నీళ్లు, రెండోది వాన నీళ్లు. రెండు చోట్లా జనం నిలబడింది ఏటి నడుమ బండల మీదే.

జలపాతాలు ఈ లెక్కలో మూడో రకం. దేవరాపల్లికి ఎగువన అనంతగిరి మండలం అంచున ఉన్న సరియా, బొర్రా దగ్గర కటికి, జి.మాడుగుల వైపు కొత్తపల్లి పేరు మోసినవి. వీటిలో మైదానం వైపు నుంచి చేరుకోగలిగింది సరియా. కుర్రకారు రద్దీ అక్కడ ఏటేటా పెరిగింది, ప్రాణాలు పోయిన వార్తలూ పెరిగాయి. కారణాలు ఎప్పుడూ ఒకటే. తడి బండ మీద పాకురు పడుతుంది. బూటు వేసుకున్నా, ఒట్టి కాలైనా జారుతుంది. పై నుంచి పడే నీళ్లు కింద గుండాన్ని లోతుగా తవ్వుతాయి. అంచున మోకాలి లోతు ఉన్నది రెండడుగులు వేస్తే మనిషి లోతు అవుతుంది. అడుగున రాతి చీలికల్లో కాలు ఇరుక్కుంటే ఈత వచ్చినా ఉపయోగం లేదు. అరకు వైపు చాపరాయి దగ్గర పల్చటి బండ మీద జారే నీళ్లు పిల్లలకు సరదాగా ఉంటాయి. ఆ ధైర్యంతో సరియా గుండంలోకి దూకకూడదు.

నీళ్ల తరువాత జాగ్రత్త ఘాట్ గురించి. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే ఘాట్‌లో గరికబంద, వంట్లమామిడి, మోదకొండమ్మ పాదాలు దాటుతూ ఎక్కాలి. 2023 ఆగస్టు 20న ఈ ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలోకి జారి ఇద్దరు చనిపోయారు. అనంతగిరి ఘాట్‌లో 2021 ఫిబ్రవరి 12న చీకటి పడ్డాక కిందికి దిగుతున్న పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు పోయారు. వారు హైదరాబాద్ నుంచి వచ్చినవారు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట బ్రేకులు వేడెక్కకుండా కాపాడుతుంది. పగలే దిగితే దారి కనిపిస్తుంది. మాడుగులలో ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది: గోధుమ పాలతో నేతిలో వండే అక్కడి హల్వా. అది తినడానికి మాత్రం ఏ జాగ్రత్తా అక్కర్లేదు, షుగరు లేనివారికి.

రోడ్డు వద్దనుకునేవారికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంది. బైలడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి వేసిన దారి ఇది. 2017 ఏప్రిల్‌లో ఈ దారిలో నడిచే రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. సొరంగాలు, వంతెనలు దాటుతూ అరకు చేరేసరికి నాలుగు గంటలు. ఇందులో చూడవలసింది గమ్యం కాదు, కిటికీ.

కాలాల్లో కార్తీకం మిన్న. వానలు వెనకబడతాయి, గెడ్డల్లో నీళ్లు తేటపడి ఇంకా పారుతూ ఉంటాయి, ఘాట్ మలుపుల్లో సీతాఫలాలు బుట్టల్లోకి వస్తాయి, పైన అరకు వైపు వలిసెలు పసుపు పూత పూస్తాయి. సాహస యాత్ర అన్న మాట రాకముందు నుంచీ తెలుగువారు చేస్తున్న ఒక పగటి యాత్ర వనభోజనమే: ఉసిరి చెట్టు, అడ్డాకు విస్తరి, సాయంత్రానికి ఇల్లు. అక్టోబరులో మాత్రం తుపాను కబురు వినాలి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది ఆ నెల 12నే. ఎండాకాలం గెడ్డలు ఎండి, కొండ బండలు సెగలు కక్కుతాయి. తెల్లవారి నడిచి పదింటికల్లా దిగిపోయేవారికే ఆ నెలలు.

గెడ్డల వెంట సాగే ఈ కొండ బాటలు విహారం కోసం పడినవి కావు. రోడ్డు లేని శిఖర గ్రామాల నుంచి సంతకు దిగేది, రోగులనూ గర్భిణులనూ డోలీ కట్టి మోసుకొచ్చేది ఇలాంటి దారుల మీదే. లంబసింగి వైపు కారు ఎక్కే రోడ్లకూ ఒక చరిత్ర ఉంది. గూడెం ప్రాంతపు రోడ్డు పనుల్లో కొండవారి చేత చేయించిన చాకిరీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడితో మొదలైన అల్లూరి పోరాటానికి కారణాల్లో ఒకటి. పైన ఏజెన్సీలో 1970 నాటి భూబదలాయింపు చట్టం, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, గిరిజనుల నేల బయటివారి చేతికి పోకుండా అడ్డు నిలుస్తుంది. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు దాన్ని గట్టిపరిచింది. చీడికాడ, దేవరాపల్లి, మాడుగుల మండలాల గిరిజన గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం గీతకు ఇవతల ఉన్నాయి. అందుకే ఆ చట్టం వీటికి వర్తించదు. తమను రాజ్యాంగం ఐదో షెడ్యూలులో చేర్చాలని ఆ ఊళ్లు అడుగుతున్నాయి. కొండ మొదట్లో విహారం పెరిగితే ముందు పెరిగేది భూమి ధర. దారి చూపే కుర్రాడికి కూలి, అన్నం వండిపెట్టిన ఇంటికి డబ్బు ముట్టజెప్పే యాత్ర ఒకటి. కంచె వేసి గెడ్డకు తాళం పెట్టే రిసార్టు వేరొకటి. రెండింటినీ ఒకే ‘పర్యాటకం’ పేరుతో పిలవడం సౌకర్యమే కానీ సరికాదు.

ఇక తిరుగు ప్రయాణం. నవంబరులో ఈ ప్రాంతంలో సూర్యుడు ఐదున్నరకు ముందే అస్తమిస్తాడు. కోనాంలో అంతకంటే ముందే నీడ పడుతుంది. పడమటి వైపూ కొండలే ఉన్నాయి కాబట్టి, ఎండ నీళ్ల మీద నుంచి లేచి గట్టు దాటి పొలాల వైపు జరిగిపోతుంది. గెడ్డలో బండకూ నీటికీ తేడా చెరిగిపోవడం అప్పుడే మొదలవుతుంది. మూడున్నరకు నడక ముగించి, నాలుగింటికి బండి ఎక్కినవారు వెలుతురుండగానే చోడవరం చేరతారు.